రాయి పడలేదట

మా మావయ్యకి తెలియని విషయమంటూ ఈ భూమ్మీద లేదు. బోరు ఎక్కడ వెయ్యాలో, ఎంసెట్‌లో ఏ ప్రశ్న వస్తుందో, రాష్ట్రం విడిపోతుందో లేదో, అన్నీ ఆయనకి ముందే తెలుసు. నాన్న పోయాక అమ్మా నేనూ ఆయన ఇంట్లోనే, మేడ మీద వాటాలో ఉండేవాళ్ళం. దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డుకి వెనక సందులో ఇల్లు. కింది అంతస్తుల్లో మావయ్య నడిపే మగపిల్లల హాస్టల్. ఇంటికి పెద్ద ఆయన కాబట్టి నా పెళ్ళి గురించి కూడా నాకంటే ఆయనకే ఎక్కువ తెలుసు.

నేను ఎల్బీనగర్ వైపు ఒక ఇంటర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పేదాన్ని. అదే కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే అతన్ని చేసుకుందామనుకున్నాను. వాళ్ళది హయత్‌నగర్ అవతల పల్లె, ఇల్లు మన్సూరాబాద్‌లో. మావాళ్ళు గుంటూరు వైపు నుంచి వచ్చినవాళ్ళు. మామూలు రోజుల్లో అయితే ఇందులో చెప్పుకోవడానికేం లేదు. కానీ అవి తెలంగాణ ఉద్యమం రోజులు. వారంలో సగం బంద్, మిగతా సగం రాస్తారోకో. మా వీధి చివర ఆంధ్రా మెస్ బోర్డు మీద ‘ఆంధ్రా’ అన్న మాటకి ఎవరో తారు పూస్తే, ఓనరు దాన్ని అలాగే వదిలేసి, ఉత్త మెస్ పేరుతోనే అదే పప్పు, అదే గోంగూర వడ్డించేవాడు. తినేవాళ్ళు కూడా మారలేదు. కడుపునిండా తిని, బయటికొచ్చి, కిళ్ళీ నములుతూ మళ్ళీ రెండు జట్లుగా నిలబడి వాదించుకునేవాళ్ళు.

అతను ఉద్యమంలో ఉన్నాడు. అంటే, కాలేజీకి ఎదురుగా వేసిన రిలే నిరాహార దీక్ష టెంటులో టిఫినుకీ భోజనానికీ మధ్య కూర్చునేవాడు. మైకు చేతికిస్తే మాత్రం ఆత్మగౌరవం గురించి చాలా బాగా మాట్లాడేవాడు. నాకు నచ్చింది ఆ మాటే. మా సంగతి ఇంట్లో చెప్పాలని నేను భయపడుతుంటే, "ఎవ్వరేమన్న అననీ, నేను నిలవడ్త" అన్నాడు. నేను నమ్మాను. కెమిస్ట్రీ చెప్పేవాడు అబద్ధమెందుకు చెబుతాడు అనుకున్నానో ఏమో.

మావయ్య ఒప్పుకున్నాడు. ముఖం ఆముదం తాగినట్టు పెట్టుకుని ఒప్పుకున్నాడు. "చదువుకున్నదానివి, నీ ఇష్టం" అన్నాడు. మా ఇళ్ళలో ‘నీ ఇష్టం’ అంటే ఏమిటో తెలిసిందే. ఇప్పుడు ఊరుకుంటున్నాను, సందు దొరకనీ, అప్పుడు చెబుతాను అని.

ఆ సందు ఒక ఉంగరం రూపంలో దొరికింది.

నిశ్చితార్థానికి నాకు వజ్రపుటుంగరం పెట్టాలని వాళ్ళమ్మకి కోరిక. ఆవిడ ఆ ఇంటికి మూలస్తంభం. వాళ్ళాయన మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు, అవసరం కూడా పడి ఉండదు. గట్టి మనిషి, గట్టి గొంతు. "మా ఇంట్ల ఇంతవరకు డైమండ్ లేదు బిడ్డా. ఆంధ్రోళ్ళ పిల్లను తెస్తున్నవు, ఏం పెడ్తవని మా తోడికోడండ్లు ఎక్కిరిస్తున్నరు. పెట్టి సూపిస్త" అంది. నా మీద ప్రేమ ఎంతో, తోడికోడళ్ళ మీద కసి ఎంతో తెలియదు గానీ, ఆవిడ ఏదీ దాచుకోకుండా చెప్పే పద్ధతి నాకు హాయిగా ఉండేది.

దుకాణానికి మా అమ్మ, నేను, అతను, వాళ్ళమ్మ వెళ్ళాలనుకున్నాం. "నేను లేకుండా వజ్రం కొంటారా" అని మావయ్య చెప్పులేసుకున్నాడు. మెయిన్ రోడ్డు మీద పెద్ద బంగారం కొట్టు. ఆ రోజు కూడా ఏదో బంద్. షట్టరు సగం దించి ఉంటే అందరం నడుములు వంచి లోపలికి దూరాం. పెళ్ళి పేరంటానికి వచ్చామా, దొంగతనానికి వచ్చామా అని నవ్వొచ్చింది.

లోపల సేల్స్‌మన్ నల్ల మఖ్మల్ పళ్ళెంలో రాళ్ళు పరిచాడు. గుండ్రటివి, కోడిగుడ్డు ఆకారంవి, చదరంవి. వాళ్ళమ్మ వేలు నేరుగా చదరం రాయి మీద పెట్టింది. "గిది బర్ఫీ ముక్క లెక్క ముద్దుగున్నది" అంది.

"మంచి సెలక్షనమ్మా. ప్రిన్సెస్ కట్" అన్నాడు సేల్స్‌మన్.

ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుంది. "కట్ అయిందా? శుభకార్యానికి కట్ అయిందెందుకయ్యా, జర నిండుగున్నది సూపియ్యి."

సేల్స్‌మన్ నోరు తెరిచేలోగా మావయ్య అందుకున్నాడు. "మీరు రోడ్డెక్కి అడుగుతున్నది ముక్క చెయ్యమనే కదండీ. ఇప్పుడు కట్ అంటే భయమెందుకు?"

"ముక్క గాదన్నా, మా వాటా" అంది ఆవిడ, పళ్ళెంలోంచి కళ్ళు తిప్పకుండా. మావయ్య మెడ చొక్కా కాలరులోకి కుంగిపోయింది. ఆ ఒక్క జవాబుకే నేను ఆవిడకి కోడలిని అయిపోయాను.

ఇక మావయ్య ఉపన్యాసం మొదలైంది. వజ్రానికి ఎన్ని కోతలుంటాయో గానీ మావయ్య కోతలకి అంతు లేదు. అసలు వజ్రమైతే పాలల్లో వేస్తే పాలు నీలంగా మారతాయట. మంచు గడ్డ మీద పెడితే గడ్డ విరుగుతుందట. వాళ్ళ ముత్తాతకి కృష్ణ ఒడ్డున వజ్రం దొరికితే అరిష్టమని మళ్ళీ ఏట్లోకి విసిరేశాడట. దొరకని వజ్రాన్ని కూడా విసిరేయగల వంశం మాది. నా కాబోయే మొగుడు ఇదంతా వింటూ గంగిరెద్దులా తల ఊపుతున్నాడు. కెమిస్ట్రీ లెక్చరరు. బొగ్గూ వజ్రమూ ఒకటేనని పిల్లలకి ఏటా బోర్డు మీద బొమ్మ గీసి చెప్పే మనిషి. పాలు నీలంగా మారతాయంటే తల ఊపుతున్నాడు.

నాకు ఒళ్ళు మండి, భూతద్దం అడిగి తీసుకున్నాను. ముందే ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని చదివి వచ్చాను. ఈ చదరం రాళ్ళలో చూడాల్సింది నాలుగు మూలలు. అవే దాని అందం, అవే దాని బలహీనత. సన్నగా, సూదిగా ఉంటాయి కాబట్టి దెబ్బ తగిలితే ముందు ఊడేది మూలే. అందుకే ఉంగరంలో బిగించింది కొనకూడదు, విడిరాయి చూడాలి. బిగించాక బంగారపు కొక్కేలు మూలల్ని కప్పేస్తాయి, కింద ఎంత పెచ్చు ఊడినా తెలియదు. నాలుగు వైపులా సమానంగా ఉందా, లోపల మచ్చ ఏదైనా మూల దగ్గర ఉందా, పొట్ట మరీ లోతుగా ఉండి బరువంతా కిందే దాచుకుందా, ఇవన్నీ చూడాలి. పైనుంచి చూస్తే మధ్యలో ఇంటూ గుర్తు మాదిరి వెలుగు నిండుగా కనపడాలి.

"దీన్ని బయట వెలుతుర్లో చూస్తాను" అన్నాను. సేల్స్‌మన్ బిక్కచచ్చిపోయాడు. బయట రాళ్ళు పడుతున్న రోజుల్లో రాయి పట్టుకుని బయటికెళ్తానంటే ఎవడికైనా అలాగే ఉంటుంది. కానీ ఆ కొట్లో లైట్ల కింద సీసా పెంకు కూడా కోహినూరులా మెరుస్తుంది. చివరికి షట్టరు దగ్గర, కింది సందులోంచి వస్తున్న ఎండలో గొంతుకూర్చుని చూశాను. నాలుగు మూలలూ శుభ్రంగా ఉన్నాయి. ఒక పక్క చిన్న మచ్చ ఉంది, మూలకి దూరంగా, కంటికి ఆనదు. సర్టిఫికెట్లో ఉన్న నంబరు రాయి అంచు మీద చెక్కిన నంబరుతో కలిసింది. "బాగుంది అత్తయ్యా" అన్నాను. ఆవిడ సర్టిఫికెట్ వైపు కూడా చూడలేదు. "నువ్వు సూసినవు గద, అయిపాయె" అంది.

అయిపోలేదు. మావయ్య గొంతు సవరించుకున్నాడు.

"రాయి మంచిదైతే చాలదు. పడాలి" అన్నాడు.

మా వైపు ఈ మాట ఉంది. రాయి పడటమంటే అచ్చి రావడం. నీలమో, వజ్రమో కొనేముందు ఇంటికి తెచ్చి మూడు రాత్రులు దేవుడి దగ్గర ఉంచుతారు. ఆ మూడు రోజుల్లో ఇంట్లో చెడు ఏదీ జరక్కపోతే పడినట్టు. జరిగితే పడనట్టు, తిరిగిచ్చేస్తారు. వాళ్ళమ్మ ఈ ఆనవాయితీ ఎప్పుడూ వినలేదు. "మాకు గివన్ని తెల్వయి అన్నా. పిల్ల ఇంటోళ్ళు మీరు, మీ పద్ధతి కాదనను" అంది. కొట్టు యజమానికి ఆవిడ ఏళ్ళ తరబడి ఎరుక. ఆవిడ మాట మీద రాయిని పొట్లంలో మడిచి ఇచ్చాడు. ఒక్కటే చెప్పాడు, చిన్న దెబ్బ తగిలినా వెనక్కి తీసుకోనని, కొన్నట్టేనని.

ఆలోచించండి. ఉద్యమం రోజుల్లో దిల్‌సుఖ్‌నగర్‌లో మూడు రోజులు చెడేమీ జరక్కుండా ఉండాలట. ఆ పరీక్షలో ఏ రాయి నెగ్గుతుంది? కోహినూరు తెచ్చి మా మావయ్య పూజ గదిలో పెట్టినా మొదటి రోజు మధ్యాహ్నానికే తప్పి ఉండేది.

మొదటి రోజు పరీక్షలు వాయిదా పడ్డాయని టీవీలో చెప్పారు. హాస్టల్ పిల్లలు సగం మంది బ్యాగులు సర్దుకుని ఊళ్ళకి బయల్దేరారు. మావయ్య మెట్ల మీద నిలబడి, వెళ్ళే ప్రతివాడినీ చూసి, పూజ గది వైపు చూసి, తల పంకించాడు. రెండో రోజు బస్సులు లేవు, పాలు రాలేదు. ఆ సాయంత్రం చౌరస్తాలో బాష్పవాయువు వదిలితే మా మేడ దాకా కళ్ళు మండాయి. "చూశావా" అన్నాడు అమ్మతో, కళ్ళు తుడుచుకుంటూ. రాష్ట్రం మొత్తం మండుతుంటే, అదంతా పూజ గదిలో పటం వెనకున్న నా రాయి చేస్తోందట. అమ్మ అన్నగారి మాటకి ఎదురు చెప్పే మనిషి కాదు. "ఏమో అన్నయ్యా, నాకూ అదోలాగే ఉంది" అంది. అందరికీ అదోలాగే ఉంది తల్లీ ఆ రోజుల్లో, వజ్రం లేనివాళ్ళక్కూడా.

మూడు రాత్రులూ గడిచాయి. పొద్దున్నే సందుల్లోంచి స్కూటరు మీద అతనూ వాళ్ళమ్మా వచ్చారు. ఆవిడ కొత్త చీర కట్టుకుని, చేతిలో పూలూ పళ్ళూ పట్టుకొచ్చింది. మావయ్య పొట్లం తెచ్చి బల్ల మీద పెట్టి, ఆవిడ కూర్చోకముందే చెప్పాడు. "పడలేదు. ఈ సంబంధానికి దైవం ఒప్పుకోవట్లేదు. పైగా ఇది నకిలీ రాయి."

నేను పొట్లం విప్పాను. ఒక మూల ఊడిపోయి ఉంది. భూతద్దం కూడా అక్కర్లేదు. గోరుకి గరుగ్గా తగిలింది.

"ఏం చేశావు మావయ్యా దీన్ని?"

ఆయనకి సిగ్గు లేదు సరికదా, గర్వం. అంతా ఆయనే పూసగుచ్చినట్టు చెప్పాడు. ముందు బీరువా అద్దం మీద గీశాడట, అద్దం తెగిందట. అయినా నమ్మకం కుదరక, గడప మీద పెట్టి సుత్తితో ఒక్కటి వేశాడట. "అసలు వజ్రమైతే సుత్తికి సొట్ట పడాలి. దీనికి మూల ఊడింది. ఇంక రుజువేం కావాలి?" అన్నాడు.

"వజ్రం గట్టిది. అంటే గీత పడదు. పగలదని ఎవరు చెప్పారు? సుత్తితో కొడితే ఏ వజ్రమైనా విరుగుతుంది, మూల అయితే ఇంకా ముందు విరుగుతుంది" అన్నాను. "సరే, నీ మాటే నిజం, ఇది నకిలీ అనుకుందాం. నకిలీ రాయి నీ హాస్టల్ ఎలా ఖాళీ చేయించింది? పరీక్షలు ఎలా వాయిదా వేయించింది? గాజుముక్కకి అంత శక్తి ఉందా?"

ఏదో ఒకటి ఎంచుకోవాలి కదా, రాయి దొంగదో, రాయి దుష్టమైనదో. రెండూ కావాలంటే ఎలా? ఆ పొద్దున నాకు స్పష్టంగా అర్థమైంది. ఆయన పరీక్ష చేసింది వజ్రాన్ని కాదు. ఈ పెళ్ళి చెడగొట్టడానికి ఆయనకో వంక కావాలి. మూడు రోజుల్లో వంక సరిగ్గా కుదరలేదని, సుత్తి తీసుకున్నాడు.

వాళ్ళమ్మ పొట్లం తన చేతిలోకి తీసుకుని చూసింది. "అన్నా, రాయిని కొట్టినవా, నన్ను కొట్టినవా?" అని మాత్రం అంది. పొట్లం మడిచి, పూలూ పళ్ళూ మా అమ్మ చేతికిచ్చి, లేచింది. నేను అతని వైపు చూశాను. ఇప్పుడు మాట్లాడాలి ఆత్మగౌరవం. ఇప్పుడు నిలబడాలి. అతను స్కూటరు తాళంచెవి వేలికి తిప్పుకుంటూ, అద్దం మీద మావయ్య గీసిన గీత వైపు ఆసక్తిగా చూస్తున్నాడు.

కాలేజీ తెరిచిన రోజు ఎల్బీనగర్ చౌరస్తా దగ్గర ఇరానీ హోటల్లో కూర్చున్నాం. అతను చాయ్‌లో బిస్కట్ ముంచుతూ చెప్పాడు. "మా అమ్మ జర భయపడుతున్నది. రాయి ఇరిగె గదా, మంచిది గాదేమోనంటున్నది. నాకేం లేదు. అమ్మ పరేషాన్ అయితున్నది. తెలంగాణ ఒచ్చినంక సూద్దాం."

ఆ రోజుల్లో అందరూ అన్నింటికీ అదే అనేవాళ్ళు. ఉద్యోగం, కాలవ, రోడ్డు, కరెంటు, అన్నీ తెలంగాణ వచ్చినంక. అవి నాకు అర్థమవుతాయి. కానీ నా పెళ్ళి కూడా పార్లమెంటులో బిల్లు పాసైతే గానీ జరగదని నాకు తెలియదు.

"మీ అమ్మకా భయం? నీకా?" అని అడిగాను.

"ఒట్టు, అమ్మకే" అన్నాడు. బిస్కట్ చాయ్‌లో తెగిపడింది. దాని కోసం చెంచా వెతుక్కున్నాడు.

నేను లేచి వచ్చేశాను. ఆవిడ మీద కోపం వచ్చింది. అంత నోరున్న మనిషి, మావయ్య మెడని కాలరులోకి దింపిన మనిషి, చివరికి ఈవిడా శకునాల మనిషేనా అని తిట్టుకున్నాను. తర్వాత అతను వేరే కాలేజీకి మారాడు. మావయ్య నెలల తరబడి యుద్ధం గెలిచినట్టు తిరిగాడు. నేను ఆయనతో మాట్లాడటం మానేసి, అమ్మని తీసుకుని కొత్తపేటలో చిన్న ఇల్లు అద్దెకి తీసుకున్నాను.

అక్కడ రైతు బజార్లో ఒక పొద్దున వంకాయలు ఏరుతుంటే నా భుజం మీద చెయ్యి పడింది. వెనక్కి తిరిగితే ఆవిడ. ముఖంలో కోపం లేదు, నొప్పి ఉంది.

"ఏం బిడ్డా, మంచిగున్నవా? మూల ఇరిగిందని నన్ను ఇడిసిపెడితివి గదా."

"నేనా?"

"మా వాడు జెప్పిండు. ఇరిగిన రాయి పెట్టుకోనన్నవట. గిసోంటి ఇంటికి రానన్నవట. నేను కొత్త రాయి తెస్త అని కూడ అన్న. ఇగ ఒద్దమ్మ, ఆమెకు మనసు లేదు అన్నడు."

నా చేతిలో వంకాయ అలాగే ఉండిపోయింది. నాకేమో అమ్మ భయపడుతోందని చెప్పాడు, ఆవిడకేమో కోడలికి మనసు లేదని చెప్పాడు. మా ఇద్దరి మధ్యలో నిలబడి, ఇద్దరికీ రెండు అబద్ధాలు పంచిపెట్టి, తను శుభ్రంగా పక్కకి తప్పుకున్నాడు. మా మావయ్య కనీసం సుత్తి చేత్తో పట్టుకుని కొట్టాడు, కొట్టానని చెప్పాడు.

ఉన్నదున్నట్టు చెప్పాను. ఇరానీ హోటలు, చాయ్, ఒట్టు, అన్నీ. ఆవిడ సంచి కింద పెట్టింది.

"నేను భయపడుతున్ననా? నేనా?" అంది. ఆ గొంతుకి పక్కన టమాటాలు ఏరేవాళ్ళు తలెత్తారు. "బాడుకావ్. ఆనికి భయమైతే ఆని పేరు జెప్పుకోవాలె గానీ నా పేరెందుకు జెప్పిండు?"

"చచ్చు వెధవ. ఒట్టు కూడా వేశాడండీ, భయం మీదేనని" అన్నాను.

ఆ కూరగాయల మధ్య నిలబడి ఇద్దరం కలిసి వాణ్ణి తిట్టాం. ఆవిడకి వచ్చిన తిట్లు ఆవిడ తిట్టింది, మా గుంటూరు తిట్లు నేను తిట్టాను. ఒకరి తిట్టు రెండోవాళ్ళకి అర్థం కాకపోతే ఆగి చెప్పుకున్నాం కూడా. తిట్టడం అయ్యాక ఆవిడ కొంగుతో కళ్ళు ఒత్తుకుని, నా సంచిలో ఒక ఆనపకాయ పెట్టి, బస్సు కోసం వెళ్ళిపోయింది. వాడు పోయినందుకు నేను ఏ రోజూ ఏడవలేదు. ఆ అత్త నాకు దక్కకుండా పోయిందే అని మాత్రం ఆ పొద్దున ఇంటికి వెళ్ళి ఏడ్చాను.